ఇనుము పక్కవాడి దగ్గరుంటే ఏం చేస్తాం? సివిలైజేషన్ 6లో కంప్యూటర్‌తో దౌత్యం

వైజాగ్ నుంచి ఇంకో ఎపిసోడ్ ఇది. ఈరోజు టాపిక్ సివిలైజేషన్ 6. 2020 నుంచి ఆండ్రాయిడ్‌లోనూ ఉంది కదా, మీలో చాలామంది ఫోన్‌లోనే ఆడుతుంటారు. అందరి డౌటూ ఒకటే: "నేనేమీ చెయ్యకుండానే కంప్యూటర్ రాజు నా మీద పడతాడేంటి?"

నాకూ అదే అయింది. నా ఊళ్లకి గాజువాక, భీమిలి అని పేర్లు పెట్టుకుని హాయిగా ఆడుతున్నా. పక్కన చంద్రగుప్తుడు. సరిగ్గా అతని సరిహద్దుకి ఆనించి భీమిలి కట్టా. ముందు అందరి ముందూ నన్ను ఖండించాడు, తర్వాత యుద్ధానికి వచ్చాడు. నా దగ్గర ఇనుము లేదు. ఇనుము లేకపోతే కత్తి సైనికులు రారు. భీమిలి పోయింది.

నిజానికి తప్పు నాదే. ఇందులో ప్రతి నాయకుడికీ ఒక అజెండా ఉంటుంది. తన పక్కనే ఊళ్లు కట్టేవాళ్లంటే చంద్రగుప్తుడికి పడదు. ఇది ఊరికే పెట్టింది కాదు. పొరుగు రాజు సహజ శత్రువు, ఆ పొరుగువాడికి అవతల ఉన్నవాడు సహజ మిత్రుడు అని కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ఉంది. దాన్నే మండల సిద్ధాంతం అంటారు. అదే గాంధీ అయితే యుద్ధాలు చేసేవాళ్లని ఇష్టపడడు. అంటే ఎదురుగా ఎవరున్నారో చూసి మన పద్ధతి మార్చుకోవాలి.

ఓడిపోయి మొహం వేలాడేసుకుని కూర్చుంటే మా నాన్న నవ్వారు. "ఏట్రా, ఇనుము లేదని ఏడుస్తావేటి? మన స్టీల్ ప్లాంటుకి మాత్రం సొంత గని ఉందేటి?" అన్నారు. నిజమే. ఖనిజం బైలడీల నుంచి రైల్లో వస్తుంది, కోకింగ్ బొగ్గు విదేశాల నుంచి ఓడల్లో వస్తుంది. సొంత గని లేకపోతే ఖర్చెంతో మా ఊళ్లో ఎవర్నడిగినా చెబుతారు. అయినా కొలిమి ఆగకూడదంటే ఇచ్చేవాళ్లతో సంబంధం బాగుండాలి.

అందుకే రెండోసారి ఇలా ఆడాను.

ఒకటి, కొత్త నాయకుడు కలిసిన టర్న్‌లోనే 25 గోల్డ్ పెట్టి డెలిగేషన్ పంపండి. ఆలస్యం చేస్తే, అప్పటికే మీ మీద కోపం ఉంటే, వద్దంటాడు.

రెండు, అతని బొమ్మ నొక్కి సంబంధాల పేజీ చూడండి. ఎందుకు ఇష్టమో, ఎందుకు కోపమో ప్లస్, మైనస్ లెక్కతో సహా ఉంటుంది.

మూడు, "సైన్యాన్ని సరిహద్దు నుంచి తియ్యి" అని అడిగితే ఒప్పుకుని మాట తప్పొద్దు. గుర్తుపెట్టుకుంటాడు.

నాలుగు, ఇనుము ఉన్నవాడితో ముందే స్నేహం చెయ్యండి. కోపంగా ఉన్నవాడు ఎక్కువ రేటు అడుగుతాడు. స్నేహం ప్రకటించుకుంటే మామూలు స్పీడ్‌లో 30 టర్న్‌లు ఒకరిమీద ఒకరు యుద్ధం చెయ్యలేరు.

ఐదు, యుద్ధం తప్పదంటే ముందు ఖండించి, 5 టర్న్‌లు ఆగి వెళ్లండి. చెప్పకుండా మీద పడితే మిగతా రాజులకీ చెడ్డవాళ్లవుతారు.

ఈసారి చంద్రగుప్తుడి అవతల ఉన్న రాజుతో స్నేహం చేసి ఇనుము కొన్నా. చంద్రగుప్తుడు మళ్లీ వచ్చాడు. కానీ భీమిలి నిలబడింది!

మీ గేమ్‌లో మీ పొరుగువాడు ఎవరో, అతనికేం నచ్చదో ఇవాళే ఒకసారి చూసుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!