రేసు లారీని చూసి మన లారీ ఏం నేర్చుకోవాల?

మన లైన్ ఇళ్ళలో మిల్లు పని వద్దని లారీ పట్టిన పిల్లోళ్ళు ఇప్పుడు జాస్తి. కొందరు జీతానికి నడిపేవాళ్ళు. కొందరు ఇంట్లో నగలు కుదువ పెట్టి, మిగతాదానికి ఫైనాన్సు తీసుకొని సొంత బండి కొన్నవాళ్ళు. గుడియాత్తం నుంచి లుంగీ బేళ్ళు, అగ్గిపెట్టెల లోడు తీసుకొని పోతారు. వి.కోట నుంచి టమోటా దించుకొని వస్తారు. వేలూరు మీదుగా చెన్నైకీ బెంగళూరుకీ తిరుగుతా ఉంటారు. ఆ బండి చక్రం తిరిగితేనే ఇంట్లో పొయ్యి వెలిగేది.

ఈ పిల్లోళ్ళ ఫోన్లలో ఈమధ్య ఒకే రకం వీడియోలు. లారీలతో రేసులు, నల్లగా పొగ గక్కుతా దూసుకుపోయే బండ్లు. వాటిని చూసి షెడ్డుకు వచ్చి, "అన్నా, మన బండికి కూడా పవర్ ఎక్కించేస్తే ఎట్ల ఉంటుంది? కంప్యూటర్ పెట్టి మార్చేస్తారంట గదా" అని అడుగుతారు. నేను పాతికేళ్ళకు పైగా డీజిల్ ఇంజన్ పని చేస్తున్నవాణ్ణి. మా నాయన మిల్లులో ఫిట్టరు. ఆ ప్రశ్నకు షెడ్డులో నిలబడి రెండు మాటల్లో జవాబు చెప్పేది కుదరదు. అందుకే ఇక్కడ వివరంగా రాస్తున్నా. బండి నడిపేవాళ్ళే కాదు, వాళ్ళ ఇళ్ళలో ఆడవాళ్ళు కూడా చదవాల. కంతు కట్టే భారం వాళ్ళ మీద కూడా ఉంది గదా.

రేసు లారీ అంటే ఏమి?

లారీలతో పందెం అనేది అమెరికాలో 1979లో అట్లాంటాలో పెద్దగా మొదలైంది. 1980ల్లో యూరప్‌కు పాకింది. మన దేశానికి 2014 మార్చిలో వచ్చింది. ఢిల్లీ దగ్గర గ్రేటర్ నోయిడాలో బుద్ధ్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ అని ఉంది. అక్కడ టాటా వాళ్ళు తమ ప్రైమా లారీలతో పందెం పెట్టారు. మొదట నడిపింది విదేశీ డ్రైవర్లే. 2016లో మన దేశపు లారీ డ్రైవర్లకు శిక్షణ ఇచ్చి వాళ్ళను కూడా ట్రాక్ మీదికి దింపారు. రోడ్డు మీద లోడు తోలి బతికినవాళ్ళే హెల్మెట్ పెట్టుకొని రేసు నడిపారు. 2017లో 1000 గుర్రాల బలం ఉన్న ప్రైమాను కూడా తెచ్చారు. మన ఊళ్ళో తిరిగే మామూలు పదిచక్రాల బండికి రెండొందల పైచిలుకు గుర్రాల బలం ఉంటుంది. దాంతో పోల్చుకుంటే ఎంతో తెలుస్తుంది.

వీడియోలో కనబడేది ఇంతవరకే. కనబడనిది ఇంకా ఉంది.

రేసు లారీకి వెనక లోడు ఉండదు. అయినా బండి బరువే ఐదు టన్నులకు పైన. అందుకే ప్రపంచ మోటారు క్రీడల సంస్థ ఎఫ్.ఐ.ఏ. నియమాల్లో లారీ రేసులో గంటకు 160 కిలోమీటర్లు దాటకూడదని కట్టడి ఉంది. వెయ్యి గుర్రాల బలం ఉన్నా సరే, దానికి పైన పోతే శిక్ష పడుతుంది. బలం ఎంత ఉన్నా, బరువును ఆపేది కష్టం అనేది వాళ్ళకు బాగా తెలుసు.

ఇంకొకటి, బ్రేకులు. మలుపు మలుపుకీ అంత బరువును అణచాలంటే బ్రేకు నిప్పులా కాలిపోతుంది. అందుకని బండిలో నీళ్ళ ట్యాంకు పెట్టి, బ్రేకు డిస్కుల మీద నీళ్ళు చిమ్ముతా నడుపుతారు. టీవీలో చక్రాల దగ్గర తెల్లగా ఆవిరి లేస్తుంది చూడండి, అది ఈ నీళ్ళదే. క్యాబిన్ లోపల ఇనుప గొట్టాలతో పంజరం కడతారు, బండి పల్టీ కొట్టినా డ్రైవరు నలగకుండా. సీటు ఒంటికి అతుక్కొని ఉంటుంది, బెల్టులు భుజాల మీదుగా కడతారు.

రేసు అయిపోతానే మెకానిక్కులు బండి మీద పడతారు. ఆయిలు చూస్తారు, టర్బో చూస్తారు, ప్రతి బోల్టూ బిగిస్తారు. కొన్ని ల్యాపులు తిరిగిన బండికి అంత సేవ. మన బండి లోడుతో రాత్రంతా తిరిగి వస్తే, మనం చేసేది ఏమి? టీ తాగి మళ్ళీ స్టార్ట్ చేస్తాం.

మన మిల్లుకీ రేసుకీ ఒక చుట్టరికం

రేసు అంటే ఎక్కడో ఢిల్లీ సంగతి అనుకోవద్దు. వేలూరు నుంచి చెన్నైకి పోయే మన రోడ్డు మీదనే, శ్రీపెరుంబుదూరు దాటాక ఇరుంగాట్టుకోట్టైలో రేసు ట్రాక్ ఉంది. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్ళు 1990లో తెరిచారు. అంతకుముందు షోళవరంలో యుద్ధకాలపు విమానాల రన్‌వే మీద పందేలు జరిగేవి.

ఆ షోళవరంలో పేరు తెచ్చుకున్నవాళ్ళలో కోయంబత్తూరు కరివర్ధన్ ఒకరు. అక్కడి లక్ష్మీ మిల్స్ కుటుంబం ఆయనది. ఆ మిల్లు పెట్టింది జి. కుప్పుస్వామి నాయుడు, 1910లో. తమిళ దేశంలో స్థిరపడిన తెలుగు కుటుంబమే. కరివర్ధన్ నూలు మిల్లు ఇంట్లో పుట్టి రేసు కార్లు తయారుచేసేవాడయ్యాడు. ఆయన చేసిన ఫార్ములా మారుతి కారులో పెట్టింది మన వీధుల్లో తిరిగే మారుతి 800 ఇంజనే. ఆ చిన్న ఇంజనుకు తేలికైన చట్రం, సరైన కూర్పు ఇచ్చి తక్కువ ఖర్చులో రేసు కారు చేశాడు. 1995లో పోయాడు. కోయంబత్తూరులోని కారీ మోటార్ స్పీడ్‌వేకు ఆయన పేరే పెట్టారు. ఇంజను చిన్నదైనా కూర్పు సరిగ్గా ఉంటే బండి బాగా పరుగెత్తుతుంది అనేది ఆయన పనిలో మనం చూడాల్సిన పాఠం.

పవర్ ఎక్కిస్తే లోపల ఏం జరుగుతుంది?

డీజిల్ ఇంజనులో ప్లగ్గు ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే అది వేడెక్కుతుంది. ఆ వేడిలో డీజిల్ చిమ్మితే అంటుకుంటుంది. ఎంత గాలికి ఎంత డీజిల్ అనేది కంపెనీ వాళ్ళు లెక్క కట్టి కంప్యూటర్‌లో పెట్టి ఉంటారు. "పవర్ ఎక్కిస్తాం" అనేవాళ్ళు చేసేది ఆ లెక్కను మార్చి డీజిల్ జాస్తి చిమ్మించడం. దానికి తగిన గాలి లేకపోతే డీజిల్ పూర్తిగా కాలదు. ఆ కాలనిదే నల్ల పొగ. అంటే పొగలో పోయేది మన దుడ్డే.

ఇక ఆ మసి ఆయిల్లోకి దిగుతుంది, ఆయిలు చిక్కబడుతుంది. సైలెన్సర్ వైపు వేడి పెరుగుతుంది. టర్బో నిమిషానికి లక్ష చుట్లకు దగ్గరగా తిరిగే వస్తువు, దానికి మసి ఆయిలు విషం. పిస్టను తల కరగొచ్చు, హెడ్డు పగలొచ్చు. క్లచ్చు, గేరుబాక్సు, హౌసింగు అన్నీ పాత బలానికి తగినట్టు చేసినవే. రేసు జట్టు ఇవన్నీ కలిపి మారుస్తుంది, ఇంజను పోతే ఇంకొకటి పెడుతుంది. మన ఇంట్లో ఇంకొక ఇంజను ఉందా?

2020 ఏప్రిల్ 1 నుంచి అమ్మిన బండ్లన్నీ బి.ఎస్.6. వీటిలో పొగను శుభ్రం చేసేదానికి యూరియా ద్రవం పోస్తాం గదా, అందులో యూరియా 32.5 శాతం, మిగతాది శుద్ధి చేసిన నీళ్ళు. కొందరు పొలానికి చల్లే యూరియాను బోరు నీళ్ళలో కలిపి పోస్తారు. నీళ్ళలోని ఉప్పు, ఎరువులోని మలినాలు గడ్డకట్టి నాజిల్ మూసుకుంటుంది. ఇంకొందరు ఆ సిస్టమ్‌నే పనిచేయకుండా బైపాస్ చేయించుకుంటారు. రెండూ వద్దు. ఆదా చేసింది వందల్లో, బాగుచేసేది వేలల్లో, ఒక్కోసారి లక్షల్లో.

చట్టం సంగతి కూడా వినండి. కంపెనీ చేసిన తీరుకు వ్యతిరేకంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతుంది. సుప్రీంకోర్టు 2019 జనవరిలో దీన్నే గట్టిగా చెప్పింది. 2019 సవరణ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు ఓనరు మీద 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. పైగా ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సువాళ్ళు పేచీ పెట్టేదానికి మనమే దారి చూపించినట్టు. ట్రాక్ మీద చేసేది ట్రాక్ మీదనే చెల్లుతుంది.

ఘాట్ రోడ్డు దగ్గర అసలు పరీక్ష

మన బండ్లకు పందెం ఎక్కడంటే దిగుడులో. వి.కోట నుంచి పేర్ణాంబట్టుకు దిగే ఘాట్, పలమనేరు చిత్తూరు మధ్య మొగిలి ఘాట్, ఇవి మన డ్రైవర్లకు తెలిసినవే. ఇక్కడ బలం అక్కరలేదు, ఆపుకోవడం కావాల.

దిగుడులో బ్రేకు తొక్కుతానే ఉంటే డ్రమ్ము కాలి వ్యాకోచిస్తుంది, లైనింగుకు దూరం జరుగుతుంది. లైనింగు కూడా వేడికి పట్టు వదులుతుంది. పెడల్ ఎంత తొక్కినా బండి ఆగదు. మనకు నీళ్ళు చిమ్మే ఏర్పాటు లేదు. మన నీళ్ళ ట్యాంకు గేరే. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలని పెద్ద డ్రైవర్లు చెప్పేది ఇందుకే. ఎగ్జాస్ట్ బ్రేకు వాడండి. బ్రేకు తొక్కి వదిలి, తొక్కి వదిలి పోవాల.

"న్యూట్రల్‌లో దించితే డీజిల్ మిగులుతుంది" అనేవాళ్ళకు ఒక మాట. కొత్త ఇంజన్లలో గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే డీజిల్ చిమ్మేది పూర్తిగా ఆగిపోతుంది. న్యూట్రల్‌లో అయితే ఇంజను ఐడిలింగ్‌కు డీజిల్ తాగుతానే ఉంటుంది. అంటే న్యూట్రల్‌లో మిగిలేది ఏమీ లేదు, పోయేది ప్రాణం.

రేసు జట్టు పద్ధతి, మన చేతిలో ఉన్నంతలో

మిల్లులో రింగ్ ఫ్రేము ఆగిపోయేదాకా ఎవరూ కూర్చోరు. ఇన్ని గంటలకు ఆయిలు, ఇన్ని రోజులకు క్లీనింగు అని చార్టు వేలాడుతుంది. బండికి కూడా అట్లాంటి చార్టు ఒకటి ఇంట్లో గోడకు పెట్టండి.

రోజూ పొద్దున: ఇంజన్ ఆయిలు, రేడియేటర్ నీళ్ళు చూడాల. గాలి ట్యాంకుల్లో చేరిన నీళ్ళు వదిలేయాల, లేకపోతే వాల్వులు తుప్పు పడతాయి. డీజిల్ ఫిల్టరు కింద చేరిన నీళ్ళు కూడా వదలాల. చక్రాల నట్లను సుత్తితో తట్టి శబ్దం వినాల. లైట్లన్నీ చూడాల.

వారానికి ఒకసారి: బ్రేకు స్లాక్ అడ్జస్టర్లు సరిచూడాల. కమాను పట్టీలు విరిగినాయేమో, యూబోల్టులు వదులైనాయేమో చూడాల. జాయింట్లకు గ్రీజు కొట్టాల. టైర్ల గాలి చల్లగా ఉన్నప్పుడు కొలవాల. టైరు మార్చినంక వంద కిలోమీటర్లలోపు నట్లు మళ్ళీ బిగించాల.

ఎయిర్ ఫిల్టరును కంప్రెసర్ గాలితో గట్టిగా కొట్టొద్దు, కాగితం చిరిగి దుమ్ము నేరుగా ఇంజన్లోకి పోతుంది. లోడుతో లాగి వచ్చినాక వెంటనే ఇంజను ఆపొద్దు. రెండు మూడు నిమిషాలు నిదానంగా తిరగనిస్తే టర్బో చల్లబడుతుంది.

బండికి ఏదైనా పెట్టించాలని ఆశ ఉంటే, పవర్‌కు ఇచ్చే దుడ్డు వీటికి పెట్టండి: నడుము నిలబెట్టే మంచి సీటు, కొత్త బ్రేకు లైనింగు, వెనకా పక్కలా మెరిసే టేపు, పక్క గార్డులు, నిప్పు ఆర్పే సిలిండరు, చక్రాల కింద పెట్టే దిమ్మెలు. లోడు కూడా కాగితంలో ఉన్నంతే వేయండి. 2018 జూలైలో ఆరుచక్రాల బండి మొత్తం బరువు పరిమితిని 16.2 టన్నుల నుంచి 18.5 టన్నులకు పెంచారు గానీ, మన ఆర్సీలో ఎంత రాసి ఉందో అంతే లెక్క. దానికి పైన వేస్తే 20,000 రూపాయలు, మీద ప్రతి టన్నుకీ 2,000 జరిమానా.

రేసు మీద నిజంగా ఆశ ఉన్న పిల్లోళ్ళను ఆపొద్దు. పది పాసైతే ఐటీఐలో మెకానిక్ డీజిల్ ఒక్క ఏడాది చదువు. రేసు జట్టుకైనా, కంపెనీ సర్వీసు సెంటరుకైనా, గుడియాత్తం షెడ్డుకైనా కావాల్సింది ఇంజను మాట వినగలిగే చెయ్యి. అది మిల్లు ఫిట్టర్ల ఇళ్ళలో కొత్తగా నేర్పాల్సిన పని కాదు.

వచ్చే ఆదివారం బండి ఇంటి దగ్గర ఉంటే ఒక గంట ఇవ్వండి. గాలి ట్యాంకు నీళ్ళు వదిలి, స్లాక్ అడ్జస్టర్లు చూసి, ఒక కాగితం మీద తేదీ, కిలోమీటర్లు రాసి పెట్టండి. అక్కడి నుంచి మొదలు.