నవ్వించమంటే... నిలదీశాడు!

హాస్యనటుడు టీవీ చర్చకు అతిథిగా వస్తే ఏం చేస్తాడు? నాలుగు జోకులేస్తాడు. కొత్త పుస్తకం గురించి చెప్పుకుంటాడు. చప్పట్లు కొట్టించుకుని వెళ్లిపోతాడు. 2004 అక్టోబరు 15న అమెరికాలోని సీఎన్ఎన్ ఛానల్ వాళ్లూ అదే అనుకున్నారు. కానీ ఆ రోజు వచ్చిన జాన్ స్టీవర్ట్ జోకుల్ని పక్కనపెట్టాడు. పిలిచినవాళ్లనే, వాళ్ల స్టూడియోలోనే, ప్రేక్షకుల ముందే కడిగేశాడు. మీరు చేస్తున్న పనివల్ల దేశానికి నష్టం జరుగుతోంది, దయచేసి ఆపండి... అని వేడుకున్నాడు. మూడు నెలలు తిరక్కుండానే ఆ కార్యక్రమాన్ని ఎత్తేస్తున్నట్లు ఛానల్ ప్రకటించింది!

అటొకరు... ఇటొకరు

ఆ కార్యక్రమం పేరు 'క్రాస్‌ఫైర్'. 1982లో మొదలైంది. సూత్రం చాలా తేలిక. బల్లకు ఒకపక్క ఉదారవాదుల తరఫున ఒక వ్యాఖ్యాత, మరోపక్క సంప్రదాయవాదుల తరఫున ఇంకొకరు. మధ్యలో అతిథులు. పన్నులు, తుపాకులు, యుద్ధం... విషయం ఏదైనా సరే, ఒకరు అవునంటే రెండోవారు కాదనాల్సిందే.

స్టీవర్ట్ వెళ్లిన రోజు ఎడమపక్షాన ఉన్నది పాల్ బెగాలా. గతంలో క్లింటన్‌కు సలహాదారుగా పనిచేసిన వ్యక్తి. కుడిపక్షాన టకర్ కార్ల్‌సన్. మెడలో బో టైతో కనిపించే 35 ఏళ్ల పాత్రికేయుడు. ఎదురుగా, జార్జ్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయం ప్రాంగణంలోని ఆ స్టూడియోకి వచ్చిన ప్రేక్షకులు.

ఇక స్టీవర్ట్ సంగతి. 1999 నుంచి కామెడీ సెంట్రల్ ఛానల్‌లో 'ది డైలీ షో' నడుపుతున్నాడు. కోటు వేసుకుని బల్ల ముందు కూర్చుని, అచ్చం వార్తలు చదువుతున్నట్లే ఉంటాడు. కానీ అదంతా వెటకారమే. రాజకీయ నాయకులకు పడే చురకలు ఎన్నో, వార్తా ఛానళ్లకూ అన్నే. 'క్రాస్‌ఫైర్' బాగోదని స్నేహితుల దగ్గరా, పత్రికల్లోనూ అంతకుముందే అన్నాడు. అలా వెనకాల అనడం న్యాయం కాదనిపించి, ఆ మాట ముఖానే చెబుదామని వచ్చానంటూ మొదలుపెట్టాడు.

కుస్తీని ఆటల పోటీ అంటారా?

అప్పుడు అమెరికాలో ఎన్నికల వేడి తారస్థాయిలో ఉంది. బుష్, కెర్రీల మధ్య చివరి చర్చ జరిగి రెండు రోజులే అయింది. నవంబరు 2న పోలింగ్. ఇరాక్‌లో యుద్ధం సాగుతోంది. సద్దాం దగ్గర సామూహిక విధ్వంసక ఆయుధాల నిల్వలు లేవని తనిఖీ బృందం నివేదిక ఇచ్చిందీ ఆ అక్టోబరులోనే. జనానికి నిజాలు తెలియాల్సిన సమయమంటే అదే. ఆయుధాలు ఉన్నాయా, లేవా అన్నది గొంతు బలంతో తేలేది కాదు. ఆధారాలతో తేలేది. అలాంటి ప్రశ్నను కూడా 'మీవాళ్లు ఇలా, మావాళ్లు అలా' అంటూ రెండు జట్ల పోరుగా మార్చేస్తే, చూసేవాళ్లకు మిగిలేది ఎవరు గట్టిగా అరిచారన్న జ్ఞాపకమే.

మాది చర్చా కార్యక్రమం కదా అన్నాడు బెగాలా. నిజంగా చర్చ జరిగితే ఎంత బాగుండేదో అన్నాడు స్టీవర్ట్. మీ కార్యక్రమాన్ని చర్చ అనడం, టీవీలో వచ్చే ఉత్తుత్తి కుస్తీని క్రీడా పోటీ అనడంలాంటిదేనని తేల్చేశాడు. రెండువైపులా గట్టిగా వాదించుకుంటే నాయకులకు ఇబ్బంది అనుకుంటాం కానీ, అది వాళ్లకు సాయం చేయడమేనన్నది అతని అభియోగం. పార్టీల వ్యూహంలో మీరూ భాగమైపోయారని అన్నాడు.

అభ్యర్థుల మధ్య చర్చ ముగియగానే రెండు పార్టీల ప్రతినిధులూ విలేకరుల ముందు బారులు తీరి, మా నాయకుడే గెలిచాడని ఊదరగొడతారు. ఆ చోటుకు అక్కడివాళ్లు పెట్టుకున్న పేరు 'స్పిన్ ఆలీ'. మాటల్ని తమకు కావాల్సినట్లు తిప్పే సందు అన్నమాట. పాత్రికేయులు అక్కడికి వెళ్లి, వాళ్లు చెప్పింది తు.చ. తప్పకుండా వినిపించడం ఏమిటని స్టీవర్ట్ మండిపడ్డాడు. ఆ సందు పేరుకి మోసం అనే అర్థమే వస్తుందన్నాడు.

ఎదురు ప్రశ్న

కార్ల్‌సన్ ఊరుకోలేదు. కెర్రీ నీ కార్యక్రమానికొస్తే నువ్వు అడిగినవన్నీ మెత్తటి ప్రశ్నలే కదా అని గుచ్చాడు. దానికి స్టీవర్ట్ జవాబు... నా కార్యక్రమానికి ముందు వచ్చేది తోలుబొమ్మలు ఆకతాయి ఫోన్లు చేసే షో, మీరున్నది సీఎన్ఎన్‌లో! వార్తా ఛానల్ తన నిజాయతీని కొలుచుకోవడానికి కామెడీ ఛానల్‌ను కొలబద్దగా పెట్టుకుంటే ఎలా అని అతని ప్రశ్న. నువ్వు నవ్విస్తావనుకున్నానే అని కార్ల్‌సన్ అంటే, నేను మీరు ఆడించే కోతిని కాను అని తెగేసి చెప్పాడు.

అయితే కార్ల్‌సన్ మాటను పూర్తిగా కొట్టిపారేయలేం. దేశాధ్యక్ష పదవికి పోటీపడుతున్న నాయకుణ్ని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాక, నేను ఉత్త హాస్యగాణ్ని అంటే బాధ్యత తప్పుతుందా? వార్తలపై వెటకారాన్ని చూసి లోకం సంగతులు తెలుసుకునేవాళ్లుంటే, ఆ వెటకారానికీ కొంత బాధ్యత ఉన్నట్టే. స్టీవర్ట్ విమర్శకులు ఆ తర్వాత కూడా ఈ ప్రశ్న వేస్తూనే ఉన్నారు. కానీ హాస్యగాడు తన పని సరిగా చేయలేదన్నంత మాత్రాన వార్తా ఛానల్ తప్పు ఒప్పయిపోదు.

కార్యక్రమం పోయింది... కానీ!

యూట్యూబ్ ఇంకా పుట్టని రోజులవి. అయినా ఆ వీడియో ఇంటర్నెట్‌లో చేతులు మారుతూ లక్షలమందికి చేరింది. 2005 జనవరిలో సీఎన్ఎన్ అధిపతి జొనాథన్ క్లైన్, స్టీవర్ట్ వాదనతో ఏకీభవిస్తున్నానంటూనే 'క్రాస్‌ఫైర్'ను ఆపేస్తున్నట్లు చెప్పారు. కార్ల్‌సన్ ఒప్పందాన్నీ పొడిగించలేదు. 2005 జూన్‌లో ఆఖరి ప్రసారంతో దానికి తెరపడింది.

కథ అక్కడితో ముగిస్తే కంచికి చేరినట్టే ఉంటుంది. కానీ చేరలేదు. 2013లో అదే పేరుతో కార్యక్రమాన్ని మళ్లీ తెచ్చారు. మరుసటి ఏడాదికే ఆగిపోయింది. కార్ల్‌సన్ మాత్రం తర్వాత ఫాక్స్ న్యూస్‌కు చేరి, 2016 నుంచి 2023 దాకా సొంత కార్యక్రమంతో అమెరికా కేబుల్ వార్తల్లో అత్యధికంగా చూసే వ్యాఖ్యాతల్లో ఒకడయ్యాడు. అక్కడ ఎదురు వాదించే రెండో వ్యాఖ్యాత కూడా లేడు! అంటే పోయింది ఒక కార్యక్రమం. అలవాటు కాదు.

కారణం తెలియనిదేమీ కాదు. విలేకరిని ఊరికి పంపి, కాగితాలు తిరగేయించి, నిజం తవ్వి తీయడానికి డబ్బూ కావాలి, సమయమూ కావాలి. నలుగుర్ని కూర్చోబెట్టి తగువు పెట్టడానికి స్టూడియో చాలు. పైగా తగువును చూడకుండా పక్కకు తిప్పుకోవడం కళ్లకు కష్టం.

2010 అక్టోబరు 30న వాషింగ్టన్‌లో స్టీవర్ట్ పెద్ద సభ పెట్టాడు. ప్రతిదాన్నీ పెద్ద గొంతుతో చెబితే చివరికి ఏదీ వినిపించదని ఆ రోజు హెచ్చరించాడు. ఆ మాట అమెరికాకే పరిమితం కాదు. సాయంత్రమైతే మన ఇళ్లలోనూ తెరను గళ్లుగళ్లుగా పంచుకుని అందరూ ఒకేసారి మాట్లాడేస్తుంటారు. ఏ పార్టీ మనిషి ఏమంటాడో ముందే చెప్పేయొచ్చు. ఈసారి అలాంటి చర్చ అయిపోయాక ఇంట్లోవాళ్లంతా ఒకర్నొకరు ఒక్క ప్రశ్న అడిగి చూడండి. గంట క్రితం తెలియనిది ఇప్పుడు ఒక్కటైనా తెలిసిందా? ఎవరూ నోరు విప్పలేదంటే... మీరు చూసింది చర్చ కాదు, కుస్తీ!