కుండలో మఱ్ఱి

కదిరి ప్రాంతమునందలి తిమ్మమ్మ మఱ్ఱిమానును మీలో కొందఱు చూచియే యుందురు. దాని నీడ ఇంచుమించు ఐదెకరముల నేలను కప్పుచున్నది. అట్టి మఱ్ఱియే మూరెడు పొడవునకు మించక, మట్టిపళ్లెములో ఊడలు దింపుకొని, ముప్పది నలువది యేండ్లు వసారాలో బ్రతుకగలదనిన నమ్ముట కష్టము, అయినను నిజము. ఈ విద్యకు జపానువారు బోన్సాయి యని పేరిడిరి. ‘బోన్’ అనగా పళ్లెము, ‘సాయి’ అనగా నాటుట. వారికి ఇది చైనా దేశమునుండి వచ్చినది. నేడు మన పట్టణములందును ఇట్టి చెట్లను అమ్ముచున్నారు. పండుగకు వచ్చిన పిల్లలు ఒకదానిని తెచ్చి పెద్దల చేతిలో పెట్టి మఱల పోవుదురు. అటుపిమ్మట దానిని బ్రతికించు భారము మీది.

చెట్టును బంధించి మరుగుజ్జును చేయుట పాపము కాదా యని పెద్దలు అడుగుట కలదు. ప్రశ్న సహేతుకమే. అయితే ఇది మరుగుజ్జు జాతి కాదు. విత్తనము పెద్ద చెట్టుదే. దీనిని తీసి చెఱువుగట్టున నాటినచో మహావృక్షము కాగలదు. ఎరువు మాన్పించి చిన్నది చేయుదురనుట అపోహ. పస్తుపెట్టిన చెట్టు చచ్చును. వేళ్లను, కొమ్మలను ఒకదానికొకటి సరిపడునట్లు కత్తిరించుటయే ఇందలి కీలకము. తేయాకు మొక్కయు స్వభావముచే చెట్టే. చిగుళ్లు మాటిమాటికి గిల్లుటచేతనే అది తోటలలో నడుమెత్తున నిలిచియున్నది. నీరు పోయుట మఱచి ఎండగట్టుటయే నా దృష్టిలో పాపము.

మఱ్ఱి, రావి, జువ్వి, మేడి మొదలగునవి ఒకే కుటుంబమునకు చెందినవి. అమరకోశమున పూవు కనబడకయే ఫలించు చెట్టునకు వనస్పతి యని పేరు. నిజమునకు వీని పూలు కాయలోపలనే యుండును. సూక్ష్మమైన యొక కందిరీగజాతి పురుగు లోనికి దూఱి పరాగమును చేర్చును. ఆ పండ్లను తిన్న పక్షులు విత్తనములను గోడలపై విడుచును. పిడికెడు మట్టియైనను లేని పగులులో మొలచి బ్రతుకు నేర్పు ఈ జాతికి కలదు గనుకనే పళ్లెము దీనికి చాలును. నూతి ఒరపై, ప్రహరీగోడపై మొలచిన రావిమొక్క కొన్నియేండ్లలో కట్టడమును చీల్చును. వాన కురిసిన మఱునాడు, లేతగా నున్నప్పుడే వేరుతో పెఱికి కుండలో నాటినచో గోడయు నిలుచును, మొక్కయు దక్కును. రావియాకు పెద్దది, చిన్నదగుట అరుదు. క్రొత్తగా మొదలిడువారికి చిన్నయాకుల జువ్వి మేలు.

ఇంటిలోపల పెంచుట యను మాట చలిదేశములనుండి వచ్చినది. ఉష్ణదేశపు చెట్టు అక్కడి మంచునకు తాళలేదు గనుక వారు లోపల నుంచుకొందురు. మనకు ఆ బాధ లేదు. ఉదయపుటెండ తగులు అరుగు దీనికి ఉత్తమము. లోపలనే యుంచవలసినచో తూర్పు కిటికీ చెంత నుంచవలయును. చీకటిగదిలో ఆకులు పలుచనై రాలిపోవును.

నీటివిషయమున గడియారమును నమ్మరాదు. వ్రేలిని అంగుళము లోతు గ్రుచ్చి, పొడిగా తోచినప్పుడు అడుగు రంధ్రములనుండి కాఱువఱకు పోయవలయును. నడివేసవిలో రెండుపూటలు కావచ్చును, ముసురులో రెండుదినములకొకసారియు అక్కఱలేకపోవచ్చును. పళ్లెమునకు క్రింద నీరు నిలిచినచో వేళ్లు కుళ్లును. ఈ కారణముననే ఒట్టి నల్లరేగడి పనికిరాదు. ఇటుకముక్కలు, ముతక యిసుక, ఎఱ్ఱమన్ను, మాగిన ఆకుయెరువు కలిపినది కావలయును. నెలకొకసారి వేరుసెనగపిండి నానబెట్టిన తేటను మిక్కిలి పలుచన చేసి పోసిన చాలును.

కొమ్మ ఆఱెనిమిదాకులు వేయనిచ్చి, రెండుమూడాకులు మిగుల్చి కత్తిరింపవలయును. పాలు కాఱును, అవి కంట పడకుండ చూచుకొనుడు, చంటిబిడ్డలను దూరముగా నుంచుడు. కొమ్మను వంచుటకు చుట్టిన రాగితీగను బెరడులో దిగకమునుపే తీసివేయవలయును. రెండేండ్లకొకసారి తొలకరిలో చెట్టును పైకెత్తి, చుట్టుకొన్న వేళ్లలో మూడవవంతు కోసి, క్రొత్తమట్టిలో నాటి, పక్షము దినములు నీడన నుంచవలయును. వాన గాలిలో తేమ యెక్కువగు దినములలో కొమ్మలనుండి ఊడలు దిగుట మొదలగును. వానిని త్రెంపకుడు, చెట్టునకు ముదురురూపము వచ్చునది వానివలననే.

పట్టణమునుండి తెచ్చిన వారములోపల ఆకులన్నియు రాలినచో భయపడి నీరు కుమ్మరింపకుడు. చోటు మాఱినప్పుడు ఈ జాతి అట్లే చేయును. గోటితో బెరడును రవంత గీచి చూడుడు; లోపల పచ్చగా నున్నచో చెట్టు సజీవమే. వెలుతురున నుంచి, మన్ను ఆఱినప్పుడే తడుపుచుండినచో కొన్ని వారములలో చిగురించును.