ఐరోపా ప్రయాణానికి బిజినెస్ క్లాసు టిక్కెట్టు

మా చోడవరంలో ఎవరు ఏ ప్రయాణం కట్టినా ముందుగా స్వయంభూ విఘ్నేశ్వరుడి గుడికి వెళ్లి కొబ్బరికాయ కొట్టి రావడం అలవాటు. ఇదివరకు ఆ ప్రయాణాలు అనకాపల్లి స్టేషనులో రైలెక్కే ప్రయాణాలు. మహా అయితే తిరుపతి, కాశీ. ఇప్పుడు వీధికి ఇద్దరి పిల్లలు విదేశాల్లో ఉంటున్నారు. కొబ్బరికాయ అదే గాని, టిక్కెట్టు మారింది. ఇవాళ ఆ టిక్కెట్టు గురించే చెప్పుకుందాం. కాగితం, కలం దగ్గర పెట్టుకోండి. అంకెలు వస్తాయి.

మా మరిది జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర ఉంటున్నాడు. మా అత్తయ్యగారికీ మావయ్యగారికీ పెళ్లయి యాభై ఏళ్లు నిండిన సందర్భంగా వాళ్లను అక్కడికి పంపాలని కొడుకులు ముగ్గురూ అనుకున్నారు. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు. గంటసేపు కాళ్లు కిందికి వేలాడేసి కూర్చుంటే పాదాలు వాచిపోతాయి. అందుకని బిజినెస్ క్లాసులో పంపుదామన్నారు మావారు. ధర విని అత్తయ్యగారు, "ఒక్క రాత్రి పడుకోడానికి అంత డబ్బేటే? మనింట్లో మంచం లేదేటి?" అన్నారు. ఆవిడ మాటలో న్యాయం లేకపోలేదు. ఆ డబ్బుతో పెరటివైపు రెండు గదులకు స్లాబు వేయించవచ్చు. అందుకని నేను నెల రోజులు కూర్చుని ఈ సంగతులన్నీ తెలుసుకున్నాను. నాకు మెట్రిక్ చదువే గాని, ఇంటి ఖర్చు రాసే పుస్తకం పాతికేళ్లుగా నాదే. ఈ లెక్క కూడా అలాంటిదే.

ముందు బిజినెస్ క్లాసంటే ఏమిటో చూద్దాం. 1948 జూన్ 8న ఎయిరిండియా వారి తొలి విదేశీ విమానం బొంబాయి నుంచి కైరో, జెనీవాల మీదుగా లండన్ వెళ్లింది. ఆ రోజుల్లో బిజినెస్ క్లాసు అనే మాటే లేదు. 1970ల చివర్లోనే కంపెనీలు ఫస్టు క్లాసుకూ మామూలు క్లాసుకూ మధ్య దీన్ని పెట్టాయి. వ్యాపారం పనిమీద తిరిగేవారికి కాస్త వెడల్పు కుర్చీ అన్నమాట. పూర్తిగా మంచంలా పరుచుకునే సీటును బ్రిటిష్ ఎయిర్‌వేస్ 2000లో బిజినెస్ క్లాసులోకి తెచ్చింది. మనం డబ్బు పెడుతున్నది ముఖ్యంగా ఆ పడకకే. వెండి పళ్లెమూ, వేడి తువ్వాలూ ఆ తర్వాతి మాట.

అందుచేత మొదట అడగవలసిన ప్రశ్న ఇది: "ఈ టిక్కెట్టులో పడక ఎన్ని గంటలపాటు ఏకధాటిగా దొరుకుతుంది?"

మా పిన్నిగారి అనుభవం చెబుతాను. ఆవిడ రెండు చోట్ల విమానం మారే టిక్కెట్టు కొన్నారు. చౌకగా వచ్చిందని సంబరపడ్డారు. హైదరాబాదు నుంచి గల్ఫుకు నాలుగు గంటల ప్రయాణం. భోజనం పెట్టి, పళ్లేలు తీసేసరికి దిగమన్నారు. అర్ధరాత్రి మూడు గంటలు విమానాశ్రయంలో కూర్చున్నారు. తరువాత ఆరేడు గంటల విమానంలో మంచి పడక దొరికింది గాని, నిద్ర విరిగిపోయింది. ఆఖరున ఐరోపాలోనే ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి చిన్న విమానం. అదీ బిజినెస్ క్లాసే. కాని ఎక్కి చూస్తే మామూలు కుర్చీలే. ముగ్గురు కూర్చునే వరసలో నడిమి సీటు ఖాళీగా వదిలేశారు, అంతే. "నన్ను మోసం చేశారే" అని ఆవిడ ఇప్పటికీ అంటారు. నిజానికి అది మోసం కాదండీ. ఐరోపా లోపల తిరిగే విమానాల్లో బిజినెస్ క్లాసు చాలావరకు అలాగే ఉంటుంది. తెలియకపోవడమే మన నష్టం.

అందుకే వీలైతే నేరుగా వెళ్లే విమానం చూసుకోవాలి. మన విశాఖపట్నం నుంచి ఐరోపాకు నేరుగా విమానం లేదు. హైదరాబాదు వెళ్లాలి. శంషాబాదు విమానాశ్రయం 2008 మార్చిలో మొదలైంది. అక్కడి నుంచి లండన్‌కు బ్రిటిష్ ఎయిర్‌వేస్ నడుస్తున్నది. 2024 జనవరిలో లుఫ్తాన్సా ఫ్రాంక్‌ఫర్ట్‌కు, 2025 సెప్టెంబరులో కె.ఎల్.ఎం. ఆమ్‌స్టర్‌డామ్‌కు నేరుగా విమానాలు మొదలుపెట్టాయి. ఏ కంపెనీ అయినా వారంలో కొన్ని రోజులే నడపవచ్చు, ఋతువును బట్టి మార్చవచ్చు. కాబట్టి మీరు కొనే రోజున చూసుకోండి. తొమ్మిది, పది గంటలు ఒకే విమానంలో ఉంటేనే పడకకు పెట్టిన డబ్బుకు విలువ.

రెండో ప్రశ్న: సీట్ల అమరిక. ఒకే కంపెనీలో కూడా ఒక్కో విమానంలో ఒక్కో రకంగా ఉంటుంది. ఒకటి, రెండు, ఒకటి చొప్పున వరస ఉంటే ప్రతి సీటు నుంచి నేరుగా నడవలోకి రావచ్చు. భార్యాభర్తలు మధ్యలో రెండు సీట్లు తీసుకోవచ్చు. రెండు, రెండు, రెండు చొప్పున ఉంటే కిటికీ పక్కనున్నవారు రాత్రిపూట బాత్‌రూముకు వెళ్లాలంటే పక్కవారి కాళ్ల మీదుగా దాటాలి. మోకాళ్ల నొప్పులున్నవారికి అది ఎంత కష్టమో చెప్పనక్కరలేదు. "పడక పూర్తిగా సమంగా పరుచుకుంటుందా, ఏటవాలుగా ఉంటుందా?" అని కూడా అడగండి. ఏటవాలు పడకలో మనిషి మెల్లగా కిందికి జారుతూనే ఉంటాడు.

మూడోది నాకు అన్నిటికంటే ఉపయోగపడిన సంగతి. రెండు వైపులా బిజినెస్ క్లాసు కొనాలని ఎక్కడా లేదు. ఇక్కడి నుంచి ఐరోపా వెళ్లే విమానాలు ఎక్కువగా అర్ధరాత్రి దాటాక బయలుదేరి, వాళ్ల ఉదయానికి చేరతాయి. అంటే మనం నిద్రపోయే వేళంతా ఆకాశంలోనే. తిరుగు ప్రయాణంలో కొన్ని విమానాలు అక్కడ పగలు బయలుదేరి ఇక్కడికి రాత్రికి చేరతాయి. పట్టపగలు పడకకు రెండింతలు, మూడింతలు డబ్బు ఎందుకు? వెళ్లేటప్పుడు బిజినెస్, వచ్చేటప్పుడు ప్రీమియం ఎకానమీ అని ఒకే టిక్కెట్టు మీద అడగవచ్చు. ప్రీమియం ఎకానమీలో పడక ఉండదు గాని, కుర్చీ వెడల్పు, కాళ్లకు చోటు ఎక్కువ. విడివిడిగా రెండు టిక్కెట్లు కొంటే మాత్రం ఒక్కోసారి ధర పెరుగుతుంది. రెండు విధాలా అడిగి పోల్చుకోవాలి.

ఇక డబ్బు సంగతి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఎకానమీ కాని విమాన టిక్కెట్ల మీద జి.ఎస్.టి. 12 శాతం నుంచి 18 శాతానికి పెరిగింది. ఎకానమీకి 5 శాతమే. ఛార్జీ రెండు లక్షలనుకోండి, పన్ను ఒక్కటే 36,000 రూపాయలు. ఏజెంటు చెప్పిన ధరలో పన్ను కలిసిందా లేదా అని అడగకుండా బేరం ఖాయం చేయకండి. జూన్ నుంచి ఆగస్టు దాకా, క్రిస్మస్ రోజుల్లో ధరలు ఎక్కువ. తేదీ రెండు రోజులు అటూ ఇటూ జరిపితే తేడా కనిపిస్తుంది.

మరొక జాగ్రత్త. టిక్కెట్టు రద్దు చేస్తే ఎంత తిరిగి వస్తుందో రాతపూర్వకంగా తెలుసుకోండి. చౌక బిజినెస్ టిక్కెట్లలో ఏమీ తిరిగి రానివి ఉంటాయి. వీసా రాకముందే అలాంటిది కొంటే అంతే సంగతులు. ఐరోపాలో షెంగెన్ ఒప్పందంలో ఉన్న 29 దేశాలకు ఒకే వీసా. పెద్దవారికి రుసుము 2024 జూన్ నుంచి 90 యూరోలు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు. 30,000 యూరోలకు తగ్గని వైద్య బీమా చూపాలి. ఇంగ్లండు ఈ ఒప్పందంలో లేదు, దానికి వేరే వీసా. డబ్బు కట్టాక ఏజెంటు దగ్గర పదమూడు అంకెల టిక్కెట్టు నంబరు తీసుకుని, విమాన కంపెనీ వారి దగ్గరే సరిచూసుకోండి. రిజర్వేషను నంబరు ఒక్కటే ఉంటే టిక్కెట్టు కొన్నట్టు కాదు.

విశాఖపట్నం నుంచి హైదరాబాదు టిక్కెట్టు వేరే కొన్నారనుకోండి. ఆ విమానం ఆలస్యమై పెద్ద విమానం తప్పిపోతే, పెద్ద విమానం వారికి బాధ్యత లేదు. తుఫాను రోజుల్లో మన తీరం సంగతి మీకు తెలుసు. ముందురోజే హైదరాబాదు చేరి, బంధువుల ఇంట్లో ఒక పూట ఉండడం మేలు. తేదీ విషయం కూడా చూడండి. 10వ తేదీ తెల్లవారుజామున రెండు గంటలకు విమానమంటే, 9వ తేదీ రాత్రే విమానాశ్రయంలో ఉండాలి. 10వ తేదీ రాత్రి పెట్టె పట్టుకుని వెళ్లినవారున్నారు.

అసలు బిజినెస్ క్లాసు లేకుండానే దొరికే సదుపాయాలు కొన్ని ఉన్నాయి. చక్రాల కుర్చీ ఏ క్లాసు టిక్కెట్టుకైనా అడగవచ్చు. కనీసం 48 గంటల ముందు చెప్పాలి. విమానాశ్రయంలో నడవలేరన్న ఒక్క కారణానికే లక్షలు పోయనక్కరలేదు. కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం గురించి కూడా భయపెడుతుంటారు. నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చున్న ప్రయాణంలో ఆ ప్రమాదం రెండింతలు అవుతుందనీ, అయినా అది సుమారు ఆరు వేల మందిలో ఒకరికేననీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. ముఖ్యం కదలిక. ఖరీదైన సీటులో కదలకుండా పడుకున్నా ప్రయోజనం లేదు. మామూలు సీటులోనైనా నడవ పక్క కూర్చుని గంటకోసారి లేచి తిరిగితే మంచిది. గుండె జబ్బు, ఇదివరకు రక్తం గడ్డకట్టిన బాధ ఉన్నవారు డాక్టరును అడగకుండా బయలుదేరరాదు.

శాకాహారులకు ఒక మాట. భోజనం ముందే రాయించాలి. అక్కడ "హిందూ భోజనం" అని ఉంటుంది. పేరు చూసి అది శాకాహారమనుకోకండి. గోమాంసం ఉండదంతే, కోడి, చేప, మేక మాంసం ఉండవచ్చు. దాని గుర్తు హెచ్.ఎన్.ఎం.ఎల్. మనకు కావలసింది "ఏషియన్ వెజిటేరియన్", గుర్తు ఎ.వి.ఎం.ఎల్. ఎంత ఖరీదైన సీటైనా, ఈ నాలుగక్షరాలు తప్పితే రాత్రంతా ఉపవాసమే.

బిజినెస్ టిక్కెట్టు కొన్నాక సీటు లేదని కింది క్లాసులో కూర్చోబెడితే ఊరుకోకండి. మన దేశంలో 2023 ఫిబ్రవరి నుంచి అమలులో ఉన్న నియమం ప్రకారం 3,500 కిలోమీటర్లకు మించిన విదేశీ ప్రయాణంలో టిక్కెట్టు ధరలో 75 శాతం తిరిగి ఇవ్వాలి. ఐరోపా నుంచి బయలుదేరే విమానాలకూ 2004 నాటి అక్కడి చట్టంలో అంతే దూరానికి అదే 75 శాతం. బోర్డింగు కార్డు పారేయకండి, అదే సాక్ష్యం.

చివరికి మేము ఏం చేశామో చెప్పి సెలవు తీసుకుంటాను. వెళ్లేటప్పుడు ఇద్దరికీ నేరుగా వెళ్లే విమానంలో బిజినెస్, వచ్చేటప్పుడు పగటి విమానంలో ప్రీమియం ఎకానమీ, రెండుచోట్లా చక్రాల కుర్చీ. రెండు వైపులా బిజినెస్ అయితే అయ్యే ఖర్చులో మిగిలినదాన్ని అత్తయ్యగారి చేతికే ఇచ్చాం. అక్కడ దిగాక మరిది ఫోను చేశాడు. అమ్మ ఆరు గంటలు నిద్రపోయిందట, మా మరిది ఇంటి మెట్లు తనంతట తాను ఎక్కిందట, చెప్పులు కూడా బిగుతు కాలేదట. మావయ్యగారు మాత్రం పడక పరిచినా పడుకోలేదు. "ఇంత డబ్బు పెట్టాక నిద్రపోతే నష్టం కదా" అని రాత్రంతా కిటికీ పక్కన కూర్చుని చుక్కలు చూశారట!

ఆయన టిక్కెట్టు డబ్బు వృథా అయిందని మావారు అన్నారు. అత్తయ్యగారు ఒప్పుకోలేదు. "యాభై ఏళ్లలో ఆయన ఏ పనీ లేకుండా కూర్చోడం ఆ రాత్రే చూశాను" అన్నారు. అంటే ఆవిడ కూడా కాసేపు మేలుకునే ఉన్నారన్నమాట. ఈ ఖర్చు ఏ పద్దు కింద రాయాలో నాకింకా తోచలేదు. పుస్తకంలో ఆ గడి ఖాళీగానే ఉంచాను.