చేపల రంగు ఏల మారును?

చెరువులో చేపలు రంగు మారినవనగానే నీటిలో ఎవరో విషము కలిపినారను వదంతి గ్రామములలో పుట్టుట కలదు. అంతటితో కొనువారు వెనుదీయుదురు. చెరువు పాట పాడినవారికిని పంచాయతీకిని తగవు వచ్చును. మరికొన్ని చోట్ల నిజముగా వ్యాధి సోకినను, నీటి రంగు పట్టినదని ఊరకుందురు. ఈ రెండింటికిని గల భేదమును పంచాయతీ సభ్యులు ఎరిగియుండుట అవసరమని మేము తలచుచున్నాము.

చేప చర్మములో రంగు నింపుకొన్న సూక్ష్మకణములు కలవు. వానిలో నల్లనివి ముఖ్యమైనవి. కణములోని నల్లని రేణువులు నలుదిక్కుల వ్యాపించినపుడు చేప నల్లగా కనబడును. అవియే నడుమకు చేరి ముద్దకట్టినపుడు పాలిపోవును. నరములును, రక్తములో కలియు కొన్ని రసములును ఈ పనిని జరిపించును. బురదనీటిలోని కొర్రమీను వెలవెలబోయియుండుటకును, నాచు పెరిగిన తేటనీటిలో నల్లబడుటకును కారణమిదియే. కొంగ కంట బడకుండుటకు ఇది మంచి ఉపాయము. నల్లని తొట్టిలోని చేపను తెల్లని తొట్టిలోనికి మార్చి చూచినచో భేదము తెలియును. బడిపిల్లలకు చూపదగిన వింత యిది.

అడుగు నల్లనిదో తెల్లనిదో చేప తన కంటితోనే గ్రహించును. కావున గుంపులో ఒక్క చేప మాత్రమే నల్లబడియున్నచో ముందుగా దాని కన్నులను పరీక్షింపవలెను. చూపు పోయిన చేప తరచుగా నల్లబడును.

ఈడునుబట్టియు రంగు మారును. 1952లో మన దేశమునకు తెచ్చిన తిలాపియా జాతిలో మగచేప గ్రుడ్లు పెట్టు కాలమున నల్లబడును. దాని రెక్కల అంచులు ఎర్రనగును. ఇది రోగము కాదు. గాజుతొట్టెలలో పెంచు బంగారుచేప పిల్లగా నున్నపుడు కంచురంగున నుండి, నల్లని కణములు నశించిన పిదప బంగారువన్నె దాల్చును. ఆ పసుపు, ఎరుపు వన్నెలను చేప స్వయముగా తయారు చేసికొనలేదు. నాచు, చిన్న రొయ్యలు మొదలగు ఆహారమునుండియే పొందవలెను.

ఇక భయపడవలసిన రంగు వేరు. ఒడలంతయు సమముగా మారక, అక్కడక్కడ ఎర్రని మచ్చలు లేచి పుండ్లుగా మారినచో అది వ్యాధియే. ఒకజాతి బూజువలన కలుగు ఇట్టి పుండ్ల వ్యాధి 1988లో మన దేశమున ప్రవేశించినది. వానలు వెనుకబడి చలి సోకు దినములలో ఇది హెచ్చు. కొర్రమీను, పరిగెలు ముందుగా దీనికి లోనగును. నీటిని పరీక్షించి తగు పాళ్లలో సున్నము చల్లుట దీనికి వాడుకలోనున్న ఉపాయము. ఎంత చల్లవలెనో మత్స్యశాఖవారి నడిగియే నిర్ణయింపవలెను. ఆ చెరువులో వాడిన వలను కడిగి ఎండబెట్టక మరియొక చెరువులో వేయరాదు. ఈ జాగ్రత్తను పాటించువారు అరుదు.

మొప్పలనుకూడ ఎత్తి చూడవలెను. ఆరోగ్యముగల చేప మొప్పలు ఎర్రగా నుండును. అవి గోధుమవన్నెకు తిరిగినచో నీటిలో మలినము హెచ్చి, రక్తము ప్రాణవాయువును మోయలేకున్నదని శంకింపవలెను. అప్పుడు మేత ఆపి, వీలైనంత క్రొత్తనీరు పెట్టించవలెను.

చచ్చి తేలిన చేపను అధికారికి చూపిన ప్రయోజనము స్వల్పము. చచ్చిన పిమ్మట దాని రంగు చెడును. ప్రాణముతోనున్న చేపలను రెండు మూడింటిని అదే నీటిలో నుంచి, చెరువు నీటిని మరియొక శుభ్రమైన సీసాలో పట్టి, ఆనాడే మత్స్యశాఖ కార్యాలయమునకు పంపవలెను.