నీడలో తేలే ఫిలిం వేగం

కడప జిల్లా వేంపల్లెకు దగ్గరగా పాపఘ్ని నది కొండలను చీల్చుకొని వచ్చే గండి వద్ద, వేసవి ఎండ నేరుగా పడే రాతిగోడకూ దాని పక్కనున్న నీడకూ మధ్య వెలుతురు తేడా ఎంత ఎక్కువంటే, రెండింటిలోని వివరాలనూ ఒకే చిత్రంలో నిలపడం ఫిలింకు గట్టి పరీక్షే అవుతుంది.

జెలటిన్‌లో కలిపి పారదర్శకమైన పట్టీ మీద పూసిన వెండి హాలైడు స్ఫటికాల పొరను ఎమల్షన్ అంటారు. కాంతి సోకిన స్ఫటికంలో కొద్దిపాటి వెండి పరమాణువులు ఒకచోట చేరి కంటికి కనబడని గుప్త ప్రతిబింబంగా ఏర్పడితే, డెవలపర్ అనే రసాయనం ఆ స్ఫటికాన్నంతటినీ నల్లని వెండిగా మారుస్తుంది. పెద్ద స్ఫటికం ఎక్కువ కాంతిని పట్టుకోగలదు కనుక అలాంటి ఫిలిం తక్కువ వెలుతురులోనూ పనిచేస్తుంది గాని, ప్రింటులో రేణువులు ముతకగా కనిపిస్తాయి. ఈ చురుకుదనాన్ని తెలిపే ఐఎస్‌ఓ సంఖ్య రెట్టింపైతే కావలసిన కాంతి సగానికి తగ్గుతుంది. వేంపల్లె పేరుతోనే భూగర్భ శాస్త్రజ్ఞులు పిలిచే డోలమైటు శిలాశ్రేణిలో, సుమారు 190 కోట్ల ఏళ్ల కిందటి సూక్ష్మజీవుల పొరలు స్ట్రోమటోలైట్లుగా మిగిలి ఉన్నాయి. ఆ సన్నని చారలను చిత్రించడానికి ఇల్‌ఫోర్డ్ పాన్ ఎఫ్ ప్లస్ వంటి 50 వేగపు ఫిలిమే తగినది, ఎందుకంటే కదలని రాయి ముందు కెమెరాను ట్రైపాడ్ మీద నిలుపుకున్నవారికి తొందరేమీ ఉండదు.

నలుపు తెలుపు ఫిలిం వేగాన్ని నిర్ణయించేది నీడ భాగమే, అంటే నెగటివ్‌లో కాంతి సోకకున్నా ఉండే మసక కంటే కొద్దిగా మాత్రమే ఎక్కువ నలుపు ఏర్పడడానికి ఎంత కాంతి కావాలన్నదే అక్కడి కొలత. అందువల్ల 400 ఫిలింను 1600గా లెక్కించి తీసి, ఎక్కువసేపు కడిగే 'పుష్' పద్ధతిలో వెలుగు భాగాలు చిక్కబడి కాంట్రాస్టు పెరుగుతుంది గాని, నీడలో నమోదు కాని వివరం తిరిగి రాదు. దీన్ని వేగం పెంచడమని చెప్పే ప్రచారం సగమే నిజం. రాయలసీమ ఎండకు దీనికి ఎదురు దారే మేలు: అదే ఫిలింను 200గా లెక్కించి నీడకు చాలినంత కాంతి ఇచ్చి, కడిగే సమయాన్ని ఐదో వంతు మేర తగ్గిస్తే, ఎండ పడిన రాయి తెల్లగా పేలిపోకుండా ఉంటుంది. ఒకే దృశ్యాన్ని ఒకే రీలు మీద 100, 200, 400, 800, 1600 లెక్కలతో తీసి ఒకేసారి కడిగితే, నీడలు ఎక్కడ చచ్చిపోతున్నాయో నెగటివే చెబుతుంది. స్లైడు ఫిలింకు మాత్రం ఈ సూత్రం తిరగబడుతుంది. దానిలో వెలుగు భాగాన్ని కాపాడుకోవాలి.

బెలుం గుహల వంటి చీకటి చోట ఇంకో చిక్కు ఎదురవుతుంది. అతి మందమైన కాంతిలో గుప్త ప్రతిబింబం నిలదొక్కుకునేలోపే చెదిరిపోతూ ఉంటుంది కనుక, కాంతి మీటరు 10 సెకన్లు చూపినప్పుడు హెచ్‌పీ5 ప్లస్ ఫిలింకు దాదాపు 20 సెకన్లు ఇవ్వవలసి వస్తుంది.

నలుపు తెలుపు ఫిలిం కడగడానికి సాధారణంగా 20 డిగ్రీల సెల్సియస్ పాటిస్తారు. వేడెక్కిన డెవలపర్ త్వరగా పనిచేసి ప్రయోగపు లెక్కంతా తారుమారు చేస్తుంది కాబట్టి, మిద్దె మీది తొట్టి నీళ్లు కాగే మే నెలలో సీసాను మంచునీటిలో ఉంచక తప్పదు. కలర్ నెగటివ్ డెవలపర్‌కు కావలసింది దాదాపు 38 డిగ్రీలు కనుక, ఆ నెలలో దానికి పొయ్యి అవసరం పెద్దగా ఉండదు.