బతుకమ్మ ఆకారపు రాకెట్టు

రాకెట్టు అనగానే మన కళ్ల ముందు నిలిచేది సన్నగా, పొడుగ్గా, కొస మొన తేలి ఉండే ఒక గొట్టం. అడుగున మూడో నాలుగో రెక్కలు. దీపావళి జువ్వకైతే రెక్కల బదులు ఒక పుల్ల. మరి రెక్కలూ లేక, పుల్లా లేక, లావుగా పొట్టిగా ఉన్న వస్తువు తిన్నగా ఆకాశంలోకి పోగలదా? పోగలదు. ఎందుకు పోగలదో తెలుసుకుంటే శ్రీహరికోట రాకెట్టు ఎందుకు తిన్నగా పోతుందో కూడా సగం తెలిసినట్టే. ఆ సంగతి విద్యార్థి మిత్రులకు చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

అమెరికాలో పిల్లలు ఎగరేసే చిన్న రాకెట్లు కిట్ల రూపంలో అమ్ముతారు. అట్ట గొట్టం, పలుచని చెక్క రెక్కలు, ముక్కు, ప్లాస్టిక్ గొడుగు, వీటిని జిగురుతో అతికించుకోవాలి. వాటిలో వింత ఆకారాలవి కొన్ని ఉంటాయి. దారపు రీలు లాంటిది, పళ్లెం లాంటిది, గోపురం లాంటిది. మా చిన్నాయన కొడుకు అక్కడి నుంచి దుబ్బాకకు వస్తూ పిల్లల కోసం గోపురం లాంటిదొకటి తెచ్చాడు. డబ్బా విప్పితే అన్నీ ఉన్నాయి, మోటారు తప్ప. విమానంలో ప్రయాణికులు రాకెట్టు మోటారు తేకూడదు. మోటారంటే పిడికిట్లో ఇమిడే అట్ట గొట్టం, లోపల గట్టిగా దట్టించిన నల్లమందు. దాని మీద "ఏ8-3" వంటి గుర్తు వేసి ఉంటుంది. అక్షరం మొత్తం ప్రచోదనాన్ని చెబుతుంది. "ఏ" అయితే గరిష్ఠంగా 2.5 న్యూటన్ సెకన్లు, ఆపై ఒక్కో అక్షరానికి రెట్టింపు. 8 అంటే సగటున 8 న్యూటన్ల తోపుడు. 3 అంటే మందు కాలిపోయాక గొడుగు విప్పే పేలుడుకు మూడు సెకన్ల వ్యవధి.

"మామా, మందు మనమే నింపుదాం. పేలని పటాకులు శానా ఉన్నయ్" అన్నాడు మా అక్క కొడుకు. దీపావళి తెల్లారి పేలని పటాకులు ఏరి, మందు కాగితంలో ఒంపే పిల్లలు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. వాడికి నేను ఒక చెప్పుల దుకాణదారు కథ చెప్పాను.

ఆయన పేరు ఆర్విల్ కార్లైల్. అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రంలోని నార్ఫోక్ అనే చిన్న పట్నంలో చెప్పుల దుకాణం. బాణసంచా అంటే ఆయనకు ప్రీతి. 1954లో తన సోదరునితో కలిసి, మందు ముందే దట్టించి మూసిన, వాడి పారేసే మోటారుతో గొడుగు విప్పుకుని దిగే చిన్న రాకెట్టు చేశాడు. ఆ రోజుల్లో అమెరికా కుర్రవాళ్లలో రాకెట్ల పిచ్చి పెరిగింది. ఇనుప గొట్టాల్లో ఇష్టమొచ్చిన మందులు కూరి వేళ్లు, కళ్లు పోగొట్టుకున్నవారున్నారు. ఆ ప్రమాదం గురించి జి. హ్యారీ స్టైన్ అనే రాకెట్టు ఇంజనీరు ఒక పత్రికలో రాస్తే, అది చదివి కార్లైల్ తన మోటార్లను ఆయనకు పంపాడు. ఈ కిట్ల వ్యాపారం అక్కడ మొదలైంది. అంటే కిట్టు పుట్టిందే పిల్లవాడి చేతికి మందు తగలకూడదని. మోటారు లేదు గదా అని ఆ మందే మనం చేత్తో కూరితే కిట్టు పుట్టిన కారణమే పోయినట్టు. పైగా మన దేశంలో 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది.

కనుక మందు వద్దు, నీళ్లు చాలు అనుకున్నాం. న్యూటన్ మూడవ సూత్రానికి వెనక్కి పోయేది పొగా నీళ్లా అన్న పట్టింపు లేదు. సీసాలో మూడో వంతు నీళ్లు పోసి, మూతికి సైకిల్ ట్యూబు వాల్వు బిగించిన రబ్బరు బిరడా పెట్టి, తలకిందులు చేసి పంపుతో గాలి కొట్టాలి. బిరడా ఊడగానే గాలి నీళ్లను కిందికి నెడుతుంది, నీళ్లు సీసాను పైకి నెడతాయి.

ఇక ఆకారం. కిట్టు గోపురాన్ని చూసి పిల్లలు "ఇది బతుకమ్మ తీరుగుంది" అన్నారు. అలాగే కానిమ్మని దళసరి అట్టతో 48 సెంటీమీటర్ల ఎత్తు, అడుగున 24 సెంటీమీటర్ల వెడల్పు గల శంకువు చుట్టాం. లోపల లీటరు సీసా, మూతి కిందికి. పైన తంగేడు, గునుగు పూల రంగులు వరుసలుగా వేశారు. మా పెద్దమ్మ చూసి, "బతుకమ్మను చెర్వుల విడుస్తరు గని మొగులు మీదికి తోలుతరా బిడ్డా?" అని నవ్వింది.

ఇక్కడే అసలు పాఠం. ఎగిరే ప్రతి వస్తువుకూ రెండు చోట్లు ముఖ్యం. ఒకటి తూకం నిలిచే చోటు, మన పుస్తకాల భాషలో గరిమనాభి. రెండోది గాలి తోపుడంతా కూడిన చోటు, పీడన కేంద్రం. రాకెట్టు కాస్త పక్కకు ఒరిగినప్పుడు అది గరిమనాభి చుట్టూ తిరుగుతుంది. గాలి పట్టే చోటు దానికి వెనక ఉంటే గాలి తోకను నెట్టి ముక్కును మళ్లీ దారికి తెస్తుంది. ముందుంటే ముక్కునే పక్కకు నెట్టి పల్టీ కొట్టిస్తుంది. రెక్కలైనా, జువ్వ పుల్లైనా చేసే పని గాలి పట్టే చోటును వెనక్కి లాగడమే.

మరి శంకువు సంగతి? బోలు శంకువు గరిమనాభి కొస నుంచి మూడింట రెండు వంతుల దూరాన ఉంటుందని డిగ్రీ పరీక్షలో రాసే ఉంటాం. 1966లో జేమ్స్ బారోమన్ అనే నాసా ఇంజనీరు చిన్న రాకెట్ల కోసం ఇచ్చిన లెక్క ప్రకారం శంకువు పీడన కేంద్రం కూడా కొస నుంచి మూడింట రెండు వంతులే! మన శంకువుకు రెండూ 32 సెంటీమీటర్ల దగ్గరే. ఒకదాన్నొకటి రద్దు చేసుకున్నట్టు. అందులో సీసా పెడితే తూకం మరి కొంచెం వెనక్కి పోతుంది. అంటే ఉన్నదున్నట్టు వదిలితే బతుకమ్మ పల్టీ కొట్టాలి. కొసలో 60 గ్రాముల బంకమట్టి పెడితే తూకం 22 సెంటీమీటర్లకు జరుగుతుంది. అప్పుడు తిన్నగా పోవాలి.

లెక్క చెప్పినదాన్ని తాడు కూడా చెబుతుంది. తూకం నిలిచే చోట దారం కట్టి తల చుట్టూ గిరగిరా తిప్పండి. ముక్కు ముందుకు పెట్టి తిరిగితే ఎగరడానికి పనికొస్తుంది. మట్టి లేకుండా తిప్పితే మాది అడ్డదిడ్డంగా తిరిగింది. మట్టి పెట్టాక బుద్ధిగా ముక్కు ముందుంచుకుని తిరిగింది.

యాసంగి కోతలైన పొలంలో మూడు వెదురు కర్రలు నిలువుగా నాటి, వాటి నడుమ శంకువును నిలబెట్టాం. నీళ్లున్నంతసేపు బరువు తోకన ఉంటుంది కనుక ఆ క్షణం దారి చూపడానికి కర్రలు కావాలి. పిల్లలను ఇరవై అడుగుల దూరాన నిలిపి, పొడుగాటి గొట్టంతో గాలి కొట్టాం. తేడా కళ్లతో చూడాలని మొదట మట్టి లేకుండానే వదిలాం. మనిషెత్తు లేచి, పల్టీ కొట్టి, అందరి మీదా నీళ్లు చిలకరించి పడింది. తర్వాత మట్టి పెట్టి వదిలితే రెండంతస్తుల ఇంటి ఎత్తుకు నిటారుగా లేచి, లావుపాటి ఒళ్లే గొడుగై నిదానంగా దిగింది. "మట్టి పెడ్తె బరువైతది గదా మామా, మరెట్ల ఎక్కువ పోయింది?" అన్నాడు అక్క కొడుకు. ఆ పొద్దు నేను విన్న మాటల్లో అన్నిటికంటె విలువైనది అదే. బలమంతా ఒకే దిక్కున ఖర్చయితే బరువైనా పైకి పోతుంది, పల్టీలకు ఖర్చయితే తేలికైనా పోదు.

1971 అక్టోబరు 9న శ్రీహరికోట నుంచి మొదటగా ఎగిరిన రోహిణి-125 రాకెట్టుకు దారి చూపే యంత్రమేమీ లేదు, తోక రెక్కలే దిక్కు. 2022 నవంబరు 18న హైదరాబాదుకు చెందిన స్కైరూట్ సంస్థ పంపిన విక్రమ్-ఎస్ 545 కిలోల బరువుతో 89.5 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లింది. దానికీ తోకన నాలుగు రెక్కలున్నాయి. గిర్రున తిరుగుతూ స్థిరంగా పోవడానికి చిన్న థ్రస్టర్లు అదనం. మా అట్ట బతుకమ్మ పాటించిన నియమాన్నే అవీ పాటించాయి.

గరిమనాభి నిర్వచనం మనలో ఎంతోమందికి కంఠతా వచ్చు. ఒక వస్తువును వేలి మీద నిలబెట్టి, "ఇదిగో, ఇక్కడ" అని చూపగలవారు ఎందరు? మన కళాశాల ప్రయోగశాలలో దీనికి పెద్ద సామాను అక్కరలేదు. అట్ట, సీసా, సైకిల్ పంపు, గుప్పెడు మట్టి చాలు. వచ్చే దీపావళి తెల్లారి పేలని పటాకుల కోసం వెతికే పిల్లలు మీ వాడకట్టులో కనిపిస్తే వారి చేతిలో మందు పొట్లం బదులు ఇవి పెట్టండి. ఆటా మిగులుతుంది, వేళ్లూ మిగులుతాయి.